ఒక్క సున్నపురాయితో రసాయన శాస్త్రం: పరమాణువు నుంచి ఆమ్లం దాకా

రసాయన శాస్త్రం బడిలో ముక్కలు ముక్కలుగా వస్తుంది. పరమాణువు ఒక పాఠం, బంధాలు ఇంకో పాఠం, సమీకరణాలు ఒక ఏడు, ఆమ్లాలు క్షారాలు మరో ఏడు. దేనికది బట్టీ పట్టిన పిల్లలకి, కాల్షియం ఎలక్ట్రాన్ విన్యాసానికీ సున్నం సూత్రానికీ సంబంధం ఉందనే తట్టదు. ఆ దారం తెగకుండా ఉండాలంటే ఒకే పదార్థాన్ని పట్టుకుని మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా నడవాలి. మన ప్రాంతంలో అందుకు సున్నాన్ని మించింది లేదు. పాత గుంటూరు జిల్లాలోని పిడుగురాళ్లలో (ఇప్పుడు పల్నాడు జిల్లా) సున్నపు బట్టీలున్నాయి. వీధి చివర పాన్ షాపులో సున్నం డబ్బా ఉంది. వంటింట్లో గుడ్డు పెంకు ఉంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర ఉంది. అన్నింట్లోనూ ఉన్నది ఒకటే కాల్షియం.

ఇక్కడ పదార్థాలను పేర్లతోనే చెబుతున్నాం. ప్రతి పేరు పక్కనా దాని సంకేతాన్ని మీ నోటుపుస్తకంలో మీరే రాసుకుంటూ రండి. చూసి రాసినదానికంటే తానుగా కట్టిన సూత్రం బాగా గుర్తుంటుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

పాన్ షాపులో దొరికే తడి సున్నం ఒక చిన్న డబ్బా, పసుపు రెండు చెంచాలు, మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ 50 మి.లీ., తెల్ల వెనిగర్ ఒక సీసా, ఒక కోడిగుడ్డు, వంటసోడా, చాకలిసోడా, శంఖుపూలు పది, సూది లేని 5 మి.లీ. సిరంజి, గట్టి మూత ఉన్న గాజు సీసా, రెండు మూడు స్ట్రాలు, వడపోత కాగితం. వెనిగర్ సీసా మీద ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతమో చూడండి. మన దగ్గర ఎక్కువగా 4 శాతం అని ఉంటుంది. ఇక్కడి లెక్కలన్నీ దానికే.

జాగ్రత్తల్లో అన్నింటికంటే ముందుది కన్ను. సున్నం కంట్లో పడితే నల్లగుడ్డును కాల్చేస్తుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లజోడు లేకుండా డబ్బా మూత తీయొద్దు. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద కన్ను తెరిచి కనీసం ఇరవై నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ‘సున్నానికి విరుగుడు నిమ్మరసం’ అని కంట్లో పిండడం ఇంకో దెబ్బ కొట్టడమే. బట్టీ నుంచి వచ్చిన రాయి సున్నం, అంటే నీళ్లు తగలని పొడి సున్నం, ఇంటి ప్రయోగాలకు అసలే వద్దు. ఎందుకో కాసేపట్లో లెక్కతో సహా తెలుస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ కూడా వద్దు. అది బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఒకటో మెట్టు: కాల్షియం పరమాణువు

పరమాణువు మధ్యలో కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు. చుట్టూ ఎలక్ట్రాన్లు. ఇంతవరకూ అందరూ రాస్తారు. కేంద్రకం ఎంత చిన్నదో మాత్రం మనసుకు ఎక్కదు. పరమాణువు అడ్డుకొలతలో అది దాదాపు లక్షో వంతు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. పరమాణువును ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పట్టేంత గోళంగా ఊహించుకుంటే, కేంద్రకం ఆ నడుమ పడి ఉన్న ఒక పెద్ద శనగగింజ. బరువంతా దాదాపుగా ఆ గింజలోనే ఉంది. బంగారు రేకు ప్రయోగం నుంచి 1911లో రూథర్‌ఫర్డ్ తేల్చింది ఇదే. రేకు మీదకు వదిలిన ఆల్ఫా కణాల్లో (ధనావేశమున్న చిన్న కణాలు) ఎక్కువ భాగం రేకులోంచి నేరుగా దూసుకుపోయాయి, ఏ కొద్దో వెనక్కి తిరిగొచ్చాయి.

కాల్షియం పరమాణు సంఖ్య 20. అంటే 20 ప్రోటాన్లు, 20 ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్లను కక్ష్యల్లో సర్దితే 2, 8, 8, 2. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. మూడో కక్ష్యలో 18 పడతాయని సూత్రం చెబుతోంది కదా అని 2, 8, 10 అని రాసేస్తారు. 18 అన్నది ఆ కక్ష్య మొత్తం సామర్థ్యం. కానీ బయటి కక్ష్యగా ఉన్నంతకాలం ఏ కక్ష్యా ఎనిమిదికి మించి పట్టదు. అందుకే తొమ్మిదో ఎలక్ట్రాన్ నాలుగో కక్ష్యకు వెళుతుంది. మొదటి 20 మూలకాలకు ఇలా మీ చేత్తో సర్ది రాయండి. రోజుకు ఐదు చొప్పున నాలుగు రోజుల పని. ఈ పట్టిక చేతికొస్తే తర్వాత వచ్చే సంయోజకతలు, అంటే ఏ పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లను ఇస్తుందో పుచ్చుకుంటుందో ఆ అంకెలు, బట్టీ పట్టక్కర్లేదు.

రెండో మెట్టు: ఇచ్చిపుచ్చుకోవడం

బయటి కక్ష్యలో ఉన్న ఆ రెండు ఎలక్ట్రాన్లే కాల్షియం జాతకం. వాటిని వదిలేస్తే 2, 8, 8 మిగులుతుంది. అది ఆర్గాన్ అమరిక, స్థిరమైనది. రెండు రుణావేశాలు పోయాయి కాబట్టి మిగిలింది రెండు ధనావేశాల కాల్షియం అయాను (ఆవేశమున్న పరమాణువునో పరమాణువుల జట్టునో అయాను అంటారు). ఆక్సిజన్ 2, 6. దానికి రెండు కావాలి. కాల్షియం ఇస్తుంది, ఆక్సిజన్ పుచ్చుకుంటుంది, లెక్క సరి. ఒక కాల్షియంకు ఒక ఆక్సిజన్: కాల్షియం ఆక్సైడ్, అదే పొడి సున్నం. క్లోరిన్ 2, 8, 7. దానికి ఒక్కటి చాలు. కాబట్టి ఒక కాల్షియంకు రెండు క్లోరిన్లు.

సంయోజకతలను అడ్డంగా మార్చి, అంటే ఒకదాని అంకెను రెండోదాని కింద రాసే పద్ధతి అందరికీ తెలుసు. అందులో రెండు గోతులున్నాయి. కాల్షియం 2, ఆక్సిజన్ 2 అని అడ్డంగా మార్చి అలాగే వదిలేస్తే రెండు కాల్షియంలు, రెండు ఆక్సిజన్లు అని వస్తుంది. అయానిక పదార్థానికి రాసేది అతి చిన్న నిష్పత్తి, అందుకే ఒకటికి ఒకటి. రెండోది బ్రాకెట్టు. తడి సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. హైడ్రాక్సైడ్ జట్టులో ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్. కాల్షియంకు ఆ జట్లు రెండు కావాలి. బ్రాకెట్టు పెట్టకుండా చివర 2 తగిలిస్తే రెండు హైడ్రోజన్లు, ఒకే ఆక్సిజన్ అయిపోతుంది. ఆ చిన్న గీత లేకపోతే వేరే పదార్థం రాసినట్టే, పరీక్షలో మార్కు పోవడం న్యాయమే.

మూడో మెట్టు: బట్టీ లెక్క

బట్టీలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీలకు కాలుస్తారు.

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

ఇప్పుడు బరువులు. కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 చొప్పున మూడు 48. మొత్తం 100. కుడివైపు ఆక్సైడ్ 56, వాయువు 44. కూడితే మళ్లీ 100. ఏదీ మాయం కాలేదు, కొత్తగా ఏదీ పుట్టలేదు. 100 కిలోల స్వచ్ఛమైన రాయి కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోలు. తక్కిన 44 కిలోలు గాలిలో కలిశాయి. ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే.

మోల్ అన్న మాట వినగానే పిల్లలు బెదిరిపోతారు. గుంటూరు మిర్చి యార్డులో ఎవరూ కాయలు లెక్కపెట్టరు, బస్తాలు తూకం వేస్తారు. ఒక కాయ సగటు బరువు తెలిస్తే బస్తా బరువును బట్టి ఎన్ని కాయలో చెప్పొచ్చు. మోల్ అంతే. పరమాణువులను లెక్కపెట్టలేం కాబట్టి తూకంతో లెక్కపెడతాం. కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు, పొడి సున్నం 56 గ్రాములు, నీళ్లు 18 గ్రాములు, ఇవి తలా ఒక మోల్. ప్రతి దాంట్లోనూ ఉన్న సంఖ్య ఒకటే, 6.022 × 10²³.

పొడి సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి పొగలు కక్కుతుంది. ఒక మోల్ పొడి సున్నం, అంటే 56 గ్రాములు, తడి సున్నంగా మారేటప్పుడు సుమారు 65 కిలోజౌళ్ల వేడి వస్తుంది. పావు లీటరు నీళ్ల వేడిని ఏకంగా 60 డిగ్రీలు పెంచడానికి అది చాలు. వేసవిలో 35 డిగ్రీలున్న నీళ్లు 95కి చేరతాయి, చింది మీద పడితే బొబ్బలే. అందుకే వద్దన్నది. పాన్ షాపు సున్నం అప్పటికే నీళ్లు తాగి చల్లారినది.

నాలుగో మెట్టు: సున్నపు తేట

ఒక చెంచా తడి సున్నాన్ని అర లీటరు నీళ్లలో వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు కుదిపి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దుటికి అడుగున తెల్లటి మడ్డి, పైన అద్దంలాంటి తేట. పైతేటను కదలకుండా వంచి వడపోత కాగితంలోంచి ఇంకో సీసాలోకి పట్టి, అంచుదాకా నింపి గట్టిగా మూత పెట్టండి. తేట తయారయ్యాక సున్నం మిగిలిందంటే గాబరా పడొద్దు. లీటరు నీళ్లలో 20 డిగ్రీల దగ్గర కరిగేది సుమారు 1.7 గ్రాములే, మడ్డి మిగలాల్సిందే.

ఒక గ్లాసులో 50 మి.లీ. తేట పోసి స్ట్రాతో మెల్లగా ఊదండి. పీల్చకూడదు, ఊదడమే. చిన్న పిల్లలుంటే స్ట్రాకు పై భాగంలో పిన్నుతో చిన్న రంధ్రం చేయండి, పొరపాటున పీల్చినా తేట పైకి రాదు. ఒక నిమిషంలోపే తేట మజ్జిగలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల తిరిగి కాల్షియం కార్బొనేట్ పుట్టింది. బట్టీలో విడిపోయిన జంట గ్లాసులో మళ్లీ కలిసింది. సంక్రాంతికి గోడకు వేసిన సున్నం రెండు మూడు రోజులకు గట్టిపడి మెరవడం కూడా ఇదే చర్య. ఊదేది మనం కాదు, గాలి.

తెల్లబడలేదంటే తేట పాతదై ఉంటుంది. మూత వదులుగా ఉంటే గాలిలోని 0.04 శాతం కార్బన్ డయాక్సైడే దాన్ని తినేస్తుంది. సీసా పైన పలుచటి మీగడలాంటి పొర కనిపిస్తే అనుమానించండి. మొదటి నుంచే మసకగా ఉంటే వడపోత సరిగా జరగలేదు. ఇంకో వింత: తెల్లబడ్డాక కూడా ఊదుతూనే ఉంటే ఆ తెలుపు క్రమంగా తగ్గి మళ్లీ తేటపడుతుంది. నీళ్లలో కరిగే కాల్షియం బైకార్బొనేట్ ఏర్పడటమే కారణం. మన ఊపిరిలో వాయువు నాలుగు శాతమే కాబట్టి ఓపిక కావాలి, మధ్యలో తల తిరిగినట్టుంటే ఆపేయండి.

ఆ తేటపడ్డ నీళ్లను గిన్నెలో మరిగిస్తే మళ్లీ తెల్లబడతాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే పొర ఇదే. భూమిలో సున్నపురాయిని కరిగించుకుని వచ్చిన నీళ్లు పొయ్యి మీద ఆ రాయిని తిరిగి కక్కుతున్నాయి. ఆ పొరను గీకి పోగొట్టే బదులు గిన్నెలో రెండు చెంచాల వెనిగర్ వేసి చూడండి. బుడగలు వస్తాయి. ఆ బుడగల దగ్గర నుంచే ఆమ్లాల పాఠం.

ఐదో మెట్టు: ఆమ్లం ఏం చేస్తుంది?

నీళ్లలో హైడ్రోజన్ అయాన్లను ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది క్షారం. పుల్లగా ఉండటం, జారుగా ఉండటం వాటి లక్షణాలు, నిర్వచనాలు కావు. రుచి చూసి తేల్చుకోవడం ప్రయోగశాలలో పనికిరాని అలవాటు. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్, చింతపండులో టార్టారిక్, పెరుగులో లాక్టిక్. పూజ ఇత్తడి చింతపండుతో తళతళలాడేది పైనున్న ఆక్సైడ్ పొరను ఆమ్లం కరిగించడం వల్లే.

ఇప్పుడు గుడ్డు. గాజు గ్లాసులో పచ్చి గుడ్డు పెట్టి మునిగేలా వెనిగర్ పోయండి. క్షణాల్లో పెంకంతా సన్నటి బుడగలు. రెండో రోజుకు పెంకు పోయి, లోపలి పొరతో మెత్తటి బంతిలాంటి గుడ్డు మిగులుతుంది. నీళ్లు లోపలికి చేరి కొంచెం ఉబ్బుతుంది కూడా. దాన్ని తినకూడదు.

చాలామందికి ఇది సగంలో ఆగిపోతుంది. ఎందుకో లెక్క వేద్దాం.

కాల్షియం కార్బొనేట్ + 2 ఎసిటిక్ ఆమ్లం → కాల్షియం ఎసిటేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఆ 2 ఎక్కడిది? కాల్షియం అయానుపై రెండు ధనావేశాలు. ఒక్కో ఎసిటేట్ ఒకదాన్నే సరిచేస్తుంది. ఒకటో మెట్టులో రాసుకున్న 2, 8, 8, 2లోని చివరి రెండే ఇక్కడ సమీకరణంలో కూర్చుంది. పెంకు బరువు దాదాపు 5 గ్రాములు అనుకుందాం. అది 100లో ఇరవయ్యో వంతు, అంటే 0.05 మోల్. ఆమ్లం దానికి రెట్టింపు, 0.1 మోల్ కావాలి. ఎసిటిక్ ఆమ్లం మోల్ 60 గ్రాములు, కాబట్టి 6 గ్రాములు. నాలుగు శాతం వెనిగర్ 100 మి.లీ.లో ఉండేది 4 గ్రాములు. అంటే తక్కువలో తక్కువ 150 మి.లీ. కావాలి. సగం గ్లాసు పోసి పెంకు కరగలేదని వదిలేసినవాళ్ల దగ్గర ఆమ్లమే అయిపోయింది. 200 మి.లీ. పోయండి, లేదా మర్నాడు పాతది పారబోసి కొత్తది నింపండి.

రంగులతో పట్టుకోవడం

పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మన ఇళ్లలో అందరూ చూసిందే. అందులో పసుపే సూచిక, అంటే రంగు మారి క్షారాన్ని పట్టిచ్చేది. రెండు చెంచాల పసుపును 50 మి.లీ. స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు ఉంచి వడకట్టండి. నీళ్లలో కలిపితే రంగు దిగదు, పసుపులోని కుర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు. స్పిరిట్ మండుతుంది, పొయ్యికి దూరంగా చేయాలి. వడపోత కాగితాన్ని వేలెడు పట్టీలుగా కత్తిరించి అందులో ముంచి నీడన ఆరబెట్టండి.

సున్నపు తేటలోనూ చాకలిసోడా నీళ్లలోనూ పట్టీ ముదురు ఎరుపుకి తిరుగుతుంది. వంటసోడా నీళ్లలో మాత్రం కాస్త నారింజ ఛాయ వచ్చి ఊరుకుంటుంది. ప్రయోగం చెడిందనుకోకండి. వంటసోడా పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చూపే కొలత; 7 తటస్థం, దిగువన ఆమ్లం, పైన క్షారం) 8.3 దగ్గర ఉంటుంది, పసుపు రంగు మారడం అక్కడక్కడే మొదలవుతుంది. ఇక నిమ్మరసంలో పెడితే ఏ మార్పూ ఉండదు. మామూలు నీళ్లలో పెట్టినా ఉండదు. కాబట్టి పసుపు పట్టీ మారలేదు కనుక ఇది ఆమ్లం అని రాస్తే తప్పు. క్షారం కాదు అని మాత్రమే అది చెబుతుంది.

ఆమ్లాన్ని పట్టాలంటే శంఖుపూలు. పది పూల రేకులను 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెడితే నీలం. వెనిగర్ చుక్కలకు ఊదా, నిమ్మరసానికి గులాబీ వైపు, సున్నపు తేటకు ఆకుపచ్చ. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులకు పాడవుతుంది, ఏ రోజుది ఆ రోజు చేసుకోవడమే మేలు.

పీహెచ్ గురించి ఒక్క మాట చాలు: ఒక అంకె తేడా అంటే పది రెట్లు. పీహెచ్ 2 ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ల గాఢత పీహెచ్ 4 దానికంటే నూరు రెట్లు. ఇంకా, బలమైన ఆమ్లం వేరు, గాఢమైన ఆమ్లం వేరు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం నీళ్లలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది, అది బలం. నీళ్లలో ఎంత ఆమ్లం కలిసి ఉందన్నది గాఢత. ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒకటి కూడా విడిపోదు. అయినా గుడ్డు పెంకు అంతా కరిగింది కదా? అయాన్లు ఖర్చయ్యే కొద్దీ కొత్తవి విడుదలవుతూ వచ్చాయి. బలహీనం అంటే తక్కువ పని చేస్తుందని కాదు, అయాన్లన్నీ ఒకేసారి ఇవ్వదని.

చివరి మెట్టు: తటస్థీకరణం, చుక్కలు లెక్కపెట్టి

ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణాన్ని ఒకటి చెల్లగొట్టుకోవడమే తటస్థీకరణం. 10 మి.లీ. వెనిగర్‌కు 90 మి.లీ. నీళ్లు కలిపి పలుచన చేయండి. నేరుగా వెనిగర్ వాడితే మూడున్నర మి.లీ.లోనే పని ముగిసి, ఒక చుక్క తప్పినా లెక్క తారుమారవుతుంది. గ్లాసులో 50 మి.లీ. సున్నపు తేట, అందులో ఐదు చుక్కల పసుపు ద్రావణం. ఎరుపు రాగానే సిరంజితో పలుచటి వెనిగర్‌ను పోస్తూ గ్లాసు తిప్పండి. మొదటి 20 మి.లీ. ధైర్యంగా పోయొచ్చు. ఆ తర్వాత పడినచోట పసుపు రంగు కనిపించి, తిప్పగానే మాయమవుతుంటుంది. అప్పటి నుంచి చుక్క చుక్కగానే. మొత్తం పసుపై, అర నిమిషం పాటు ఎరుపు తిరిగి రాకపోతే ఆపి, ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. మూడుసార్లు చేసి సగటు తీయండి.

లీటరుకు 1.7 గ్రాములు కరిగిన తేటకైతే దాదాపు 34 మి.లీ. పట్టాలి. తడి సున్నం మోల్ బరువు 74 అని తీసుకుని ఈ అంకెను మీరే రాబట్టి చూడండి. ఒక్కో సున్నానికి రెండు ఆమ్లాలు అన్నది మరిచిపోతే సరిగ్గా సగం వస్తుంది. 40 దాటితే తేటలోకి మడ్డి వచ్చి చేరింది. 25 కంటే తక్కువైతే సీసాలోకి గాలి చొరబడింది. 30 దగ్గర ఆగితే మాత్రం మీ తప్పేమీ లేదు, నెల చూసుకోండి. ఉప్పు, పంచదారల్లా కాకుండా తడి సున్నం వేడి పెరిగే కొద్దీ తక్కువ కరుగుతుంది. మే నెలలో గుంటూరులో నీళ్లే 35 డిగ్రీలుంటాయి, ఆ వేడిలో లీటరుకు కరిగేది దాదాపు ఒకటిన్నర గ్రామే. అదే ప్రయోగాన్ని డిసెంబరు చలిలో ఇంకోసారి చేసి రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి.